ఈ-బైక్‌కీ కొత్తే, కొండదారికీ కొత్తే: నిజంగా తేలికైన ట్రెయిల్‌ని ముందే కనిపెట్టడం ఎలా?

ఆలస్యంగా_మొదలు
వయసు 51. కిందటి నెల ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నాను. ముందూ వెనకా సస్పెన్షన్, బరువు 24 కిలోలు. రోడ్డు మీద సైకిల్ ఏళ్ల తరబడి తొక్కినవాణ్ణే గానీ మట్టిదారి, కొండదారి ఇదే మొదలు.

ఆదివారం యాప్‌లో "సులభం" అని ఉంటే నమ్మి ఒక ట్రెయిల్‌కి వెళ్లాను. ఎక్కేటప్పుడు రాజభోగం. మోటారు పూర్తి సాయమిచ్చే టర్బో మోడ్‌లో పెట్టి ఈల వేసుకుంటూ ఎక్కేశాను. పైకి చేరాక తెలిసింది అసలు సంగతి. దిగేదారి నిండా తలకాయంత రాళ్లు, వాటి మధ్య చెట్ల వేళ్లు, ఒక పక్కన లోయ. రెండుసార్లు కాలు కింద పెట్టాను, మూడోసారి నేనే కింద పడ్డాను. మోచెయ్యి గీసుకుంది, అంతకుమించి ఏమీ కాలేదు. మిగతా దారంతా బండిని పక్కన పట్టుకుని గంటకి పైగా నడిచాను. 24 కిలోల బండిని వాలులో దించడమంటే బెదిరిన గేదెని పలుపు పట్టుకుని ఆపడమే.

ఈలోగా పదేళ్ల పిల్ల ఒకతి మామూలు సైకిల్ మీద నన్ను దాటుకుని దిగిపోయింది. పోతూపోతూ "అంకుల్, బాగానే ఉన్నారా?" అని అడిగింది కూడా. అదీ మంట.

ఈ "సులభం" అనే మాట ఎవరు రాస్తారు, దేన్ని చూసి రాస్తారు? ఇంట్లోంచి బయల్దేరే ముందే ఇది నాకు సరిపోతుందో లేదో తెలుసుకునే ఉపాయం ఉందా?

మూడోచక్రం
ఆ పిల్లని ఇక్కడ సభ్యురాలిగా చేర్చుకుంటే ఈ చర్చ రెండు పోస్టుల్లో తేలిపోతుంది.

బ్రేకుబాబాయ్
మోచెయ్యేగా, మానుతుంది. తల దేనికైనా తగిలిందా? తగిలుంటే మాత్రం హెల్మెట్ పైకి ఎంత బాగా కనిపించినా మార్చెయ్యండి. లోపలి నురుగు ఒక్క దెబ్బకే పనికొస్తుంది.

మీకు జరిగింది కొత్త ఈ-బైక్ వాళ్లలో సగం మందికి జరిగేదే. మామూలు సైకిల్ మీద కొత్తవాడు అంత పైకి పోనే పోలేడు. సగంలో ఊపిరందక వెనక్కి తిరుగుతాడు. అంటే తన స్థాయికి మించిన చోటికి వెళ్లకుండా కాళ్లే కాపలా కాస్తాయన్నమాట. మోటారు ఆ కాపలాని తీసేసింది. ఎక్కడం అది చూసుకుంటుంది, దిగడం మాత్రం మీ చేతులూ కళ్లే చూసుకోవాలి. కాబట్టి ట్రెయిల్ వెతికేటప్పుడు ఎక్కే దూరం, ఎక్కే ఎత్తు పక్కన పెట్టి దిగేదారి ఎలా ఉందో చూడండి.

నో_మోటార్
ఇదే మాట నేనంటే పోయినసారి అందరూ కలిసి తిట్టారు. కాళ్లు సంపాదించని ఎత్తు నుంచి దిగకూడదు. అంతే.

మట్టిదారి_మాలతి
@నో_మోటార్ మళ్లీ మొదలెట్టావా తమ్ముడూ? నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మోటారు లేకపోతే కొండ మొహం చూసేదాన్నే కాదు. ఎత్తు ఎవరు సంపాదించారన్నది కాదు ఇక్కడ, దిగే నేర్పు ఉందా లేదా అన్నది. నేర్పు రావాలంటే అదే దారి పదిసార్లు దిగాలి. పదిసార్లు దిగాలంటే పదిసార్లు ఎక్కాలి. మామూలు సైకిల్ మీద పూటకి రెండుసార్లు ఎక్కితే నాకు గొప్ప. ఈ-బైక్ మీద అదే చిన్న ట్రెయిల్ ఆరేడు చుట్లు కొడుతున్నా. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి బండి లేదంటాను నేను.

నో_మోటార్
చుట్లు కొట్టే విషయం ఒప్పుకుంటాను అక్కా. కానీ కొన్నవాళ్లలో ఎంతమంది చిన్న ట్రెయిల్‌లో చుట్లు కొడుతున్నారు? అందరికీ మొదటిరోజే శిఖరం మీద ఫొటో కావాలి.

ఆలస్యంగా_మొదలు
ఫొటో తీసుకున్నాను. ఒప్పుకుంటున్నాను.

మ్యాపుపిచ్చి
నా పేరు చూసే ఉంటారు, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ట్రెయిళ్లకి రంగులు పెట్టడం మంచు మీద స్కీయింగ్ చేసే చోట్ల నుంచి వచ్చింది. ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్, అదే ఇంబా అంటారు, దాన్ని తీసుకుని సైకిల్ దారులకి మార్చింది. అందులో తెల్ల వృత్తం అన్నింటికన్నా తేలిక, తర్వాత ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల డైమండ్, జంట నల్ల డైమండ్. చాలామంది రంగు చూసి ఊరుకుంటారు గానీ వాటి వెనక కొలతలున్నాయి. ఆకుపచ్చ అంటే దారి కనీసం 36 అంగుళాల వెడల్పు, నేల గట్టిగా కదలకుండా ఉండాలి, సగటు వాలు 5 శాతం లోపు, ఎక్కడైనా గరిష్ఠంగా 15 శాతం, తప్పించుకోలేని అడ్డం ఏదైనా ఉంటే దాని ఎత్తు 2 అంగుళాల లోపు. నీలానికి వచ్చేసరికి వెడల్పు 24 అంగుళాలు, సగటు వాలు 10 శాతం దాకా, అడ్డం 8 అంగుళాల దాకా ఉండొచ్చు. 2 అంగుళాలెక్కడ, 8 అంగుళాలెక్కడ! రంగుల్లో ఒక్క మెట్టే, కింద పడితే మాత్రం చాలా మెట్లు.

ఇంకో తిరకాసు. ఈ రంగులు అన్ని దేశాల్లో ఒకటి కావు. బ్రిటన్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని వేరే వరుస. ఇంబా పట్టికలో ఎరుపే లేదు. కాబట్టి వీడియోలో ఎవరో "నీలం ట్రెయిల్, చాలా ఈజీ" అన్నారని మీ దగ్గరున్న నీలం కూడా అంతే అనుకోవద్దు. పైగా కొన్ని చోట్ల రంగు పెట్టేది ట్రెయిల్ కట్టినవాళ్లు, ఇంకొన్ని చోట్ల యాప్ వాడేవాళ్లే. పదేళ్లుగా తొక్కుతున్నవాడికి ఏది నల్లగా కనిపిస్తుంది చెప్పండి?

మీరు చూసిన ట్రెయిల్ రంగు ఏంటి ఇంతకీ?

ఆలస్యంగా_మొదలు
ఇప్పుడే మళ్లీ చూశాను. రంగు నీలం. "సులభం" అన్నది యాప్ కాదు, కింద వ్యాఖ్యల్లో ఎవరో రాశారు.

మూడోచక్రం
ఆ ఎవరో పదేళ్ల పిల్లే అయ్యుంటుంది.

గేర్లోపడ్డా
😂😂

మ్యాపుపిచ్చి
@ఆలస్యంగా_మొదలు చూశారా! సరే, వచ్చేసారి ఇలా చెయ్యండి. ట్రెయిల్‌ఫోర్క్స్‌లో గానీ కొమూట్‌లో గానీ (రెండూ సైకిల్ దారులు చూపించే యాప్‌లే) ఎత్తుపల్లాల గ్రాఫు ఉంటుంది. సగటు వాలు అంకె చూడొద్దు, అది పచ్చి అబద్ధాలకోరు. 2 కిలోమీటర్ల దారిలో మొత్తం 100 మీటర్లు దిగితే సగటు 5 శాతం, బ్రహ్మాండం. కానీ అందులో 60 మీటర్లు ఒకే ముక్కలో, 300 మీటర్ల దూరంలో దిగితే ఆ ముక్క వాలు 20 శాతం. మీరు పడేది అక్కడే. గ్రాఫులో గీత ఎక్కడ గోడలా నిలబడిందో చూసి, ఆ చోటు ఫొటోలు వెతకండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా దిద్దగలిగే ఉచిత ప్రపంచ మ్యాపు) ఆధారంగా నడిచే మ్యాపుల్లో ఇంకో కొలత ఉంటుంది, జర్మనీ వాళ్ల సింగిల్‌ట్రెయిల్ స్కేలు. ఎస్0 అంటే గట్టి నేల, వేళ్లూ రాళ్లూ పెద్దగా ఉండవు. ఎస్1 అంటే చిన్న వేళ్లు, చిన్న రాళ్లు మొదలు. మీకు ప్రస్తుతానికి ఎస్0, కుదిరాక ఎస్1. ఎస్2 పేరు కూడా తలుచుకోవద్దు. ఈ కొలత కేవలం దారి స్వభావాన్ని చెబుతుంది, ఎంత దూరం ఎంత ఎత్తు అన్నది దానికి పట్టదు. ఈ-బైక్ వాళ్లకి అందుకే బాగా పనికొస్తుంది.

గేర్లోపడ్డా
వీడియోలు చూసి అంచనా వెయ్యొద్దని కూడా చెప్పండి బాబూ. హెల్మెట్ కెమెరాలో ఏ వాలైనా చదునుగానే కనిపిస్తుంది. నేను ఒక వీడియో పదిసార్లు చూసి, ప్రతి మలుపూ బట్టీ పట్టి వెళ్లాను. మొదటి మలుపు దగ్గరే "ఇది ఆ దారేనా?" అనిపించింది.

ఇంకొకటి, ట్రెయిల్‌కి దిశ ఉంటుంది. ఒకే దారి ఒకవైపు నుంచి ఆకుపచ్చ, రెండోవైపు నుంచి నీలంలా ఉంటుంది. కొన్ని ఒకవైపే తొక్కాలి. నేను తెలియక ఎదురెళ్లాను ఒకసారి. పైనుంచి వస్తున్నవాడి అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

మోకాలిచిప్ప
ఇన్ని స్కేళ్లు అవసరమా? అడవిలో జీపు పోయే మట్టిరోడ్డు చూసుకుని దాని మీద నెలరోజులు తొక్కమనండి. వెడల్పు ఉంటుంది, పడే ప్రమాదం తక్కువ.

మట్టిదారి_మాలతి
మట్టిరోడ్డు మొదటి రెండు మూడు రోజులకి సరే, నెల మాత్రం వద్దు. అక్కడ ఏమీ నేర్చుకోం. స్పీడు మాత్రం పెరుగుతుంది. వెడల్పైన కంకర రోడ్డు మీద జోరుగా దిగుతూ మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని జారిపోయినవాళ్లని నేను చూశాను. సన్నదారి మీద స్పీడు దానంతటదే తగ్గుతుంది.

నా మాట వింటే కట్టిన ఆకుపచ్చ ఫ్లో ట్రెయిల్ వెతకండి. అంటే మనుషులు డిజైన్ చేసి తీర్చిన దారి, మలుపుల దగ్గర బయటి అంచు గట్టులా ఎత్తుగా ఉంటుంది, మధ్యమధ్య గుండ్రటి చిన్న దిబ్బలుంటాయి. అడవిలో దానంతట పుట్టిన కాలిబాట మ్యాపులో ఎంత చదునుగా కనిపించినా ఏ మలుపు తర్వాత ఏముందో ఎవరికీ తెలీదు. కట్టిన దారిలో కొత్తవాణ్ణి దృష్టిలో పెట్టుకునే కడతారు.

మోకాలిచిప్ప
ఆ గట్టు మలుపుల్లోనే నా మోకాలిచిప్ప పోయింది. పేరు ఊరికే పెట్టుకోలేదు.

బ్రేకుబాబాయ్
ఇద్దరూ కరెక్టే. మోకాలిచిప్పకి తొందరెక్కువ, అదొక్కటే తేడా 🙂

ఆలస్యంగా గారూ, ట్రెయిల్ దగ్గర్లో పంప్ ట్రాక్ గానీ (చిన్న దిబ్బలూ గట్టు మలుపులూ ఉన్న సాధన చుట్టు) స్కిల్స్ ఏరియా గానీ (నేర్పు సాధన చేసే చోటు) ఉందేమో చూడండి. ఉంటే మొదటి అరగంట అక్కడే, మోటారు ఆపేసి. పెడల్ మీద నిలబడటం, రెండు పెడళ్లూ నేలకి సమానంగా పెట్టడం, సీటు దించడం. మీ బండికి సీటు దించే మీట ఉందా? రోడ్డు సైకిల్ వాళ్లందరూ సీటు పైనే ఉంచి, దాని మీదే కూర్చుని దిగుతారు. వాలులో అలా కూర్చుంటే చక్రం రాయికి తగలగానే బండి మిమ్మల్ని ముందుకి విసిరేస్తుంది.

ఆలస్యంగా_మొదలు
మీట ఉంది. కొన్నరోజు షాపులో నొక్కి చూశాను, మళ్లీ ముట్టుకోలేదు.

బ్రేకుబాబాయ్
అదిగో.

లెక్కలమాస్టారు
ఎవరూ బ్రేకుల గురించి లెక్క చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మనిషి 80, బండి 24, సంచీ నీళ్లూ కలిపి 105 కిలోలు అనుకోండి. 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఆ శక్తంతా ఎక్కడికి పోవాలి? దాదాపు 3 లక్షల జౌల్స్. చాలావరకు బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాల్సిందే. భయంతో రెండు బ్రేకులూ సగం పట్టుకుని కిందిదాకా ఈడ్చుకుంటూ దిగితే డిస్కు చల్లారే సందే దొరకదు. కాలిన వాసన వస్తుంది, బ్రేకు మీట మెత్తబడుతుంది. మలుపుకి ముందు గట్టిగా పట్టి, మలుపులో వదలాలి. ఆగిన తర్వాత డిస్కుని వేలితో ముట్టుకుని చూడొద్దు, ఆ ప్రయోగం నేను చేసేశాను.

ఇదే లెక్క బ్యాటరీకి. 105 కిలోలని 1000 మీటర్లు ఎత్తడానికే 286 వాట్ అవర్లు కావాలి. మోటారు మూడింట రెండు వంతులు మోసి, దాని సామర్థ్యం ముప్పావు వంతు అనుకుంటే బ్యాటరీ నుంచి 250 పైచిలుకు. మట్టిలో టైరు రాపిడి అదనం. 500 వాట్ అవర్ల బ్యాటరీతో మధ్య మోడ్‌లో 1000 మీటర్ల ఎక్కుడు అనుకుని బయల్దేరితే ఇబ్బంది పడరు. టర్బోలో అంత రాదు. కిలోమీటర్లతో లెక్క వేసుకునేవాళ్లే చీకటిపడ్డాక బండి నెట్టుకుంటూ కనిపిస్తారు.

మూడోచక్రం
మాస్టారూ, ఏ వేలు?

లెక్కలమాస్టారు
చూపుడు వేలు. పొక్కు మానడానికి వారం పట్టింది.

గేర్లోపడ్డా
అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఎవరూ అడగలేదు. ఆ ట్రెయిల్ మీద ఈ-బైక్‌ని రానిస్తారా? సైకిళ్లకి అనుమతి ఉందంటే ఈ-బైక్‌కీ ఉన్నట్టు కాదు. నేను గేటుదాకా వెళ్లి బోర్డు చూసి వెనక్కొచ్చాను.

మ్యాపుపిచ్చి
మంచి మాట. అమెరికాలో మూడు తరగతులు చేశారు. క్లాస్ 1 అంటే తొక్కితేనే మోటారు సాయం, గంటకి 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. క్లాస్ 2కి థ్రాటిల్ ఉంటుంది, అంటే తొక్కకపోయినా మోటారు నడుస్తుంది. క్లాస్ 3 సాయం 28 మైళ్ల దాకా. మౌంటెన్ బైక్ ట్రెయిళ్లలో ఈ-బైక్‌ని రానిచ్చే చోట్ల ఎక్కువగా క్లాస్ 1కే అనుమతి. అక్కడి ఫారెస్ట్ సర్వీస్ అయితే ఈ-బైక్‌ని మోటారు వాహనం కిందే లెక్కేస్తుంది. యూరప్‌లో 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు దాటకపోతే మామూలు సైకిల్ కింద లెక్క, అయినా స్థానిక నిబంధన స్థానికమే. యాప్‌లో ఈ-బైక్ అనుమతి వడపోత (ఫిల్టర్) విడిగా ఉంటుంది, అది పెట్టుకుని వెతకండి. గేటు దగ్గర బోర్డు వేరేలా చెబితే బోర్డుదే చివరిమాట.

నో_మోటార్
అనుమతి ఉన్నచోట కూడా కాస్త చూసుకోండి. మామూలు సైకిల్ వాడు చెమటలు కక్కుతూ గంటకి 6 కిలోమీటర్లలో ఎక్కుతుంటే వెనక నుంచి చప్పుడు లేకుండా 18లో వచ్చి దాటేస్తారు మీవాళ్లు. గుండె ఆగినంత పనవుతుంది. గంట కొట్టండి, నోటితో అరవండి, ఏదో ఒకటి. నడిచేవాళ్లకీ గుర్రాల వాళ్లకీ మనమే దారివ్వాలి. దిగేవాడు ఎక్కేవాడికివ్వాలి.

మట్టిదారి_మాలతి
ఈసారికి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.

మోకాలిచిప్ప
వాన పడ్డ మర్నాడు వెళ్లకండి. చక్రం గాడి పడుతుంటే ట్రెయిల్ ఇంకా ఆరలేదని. మన బండి బరువుకి గాడి ఇంకా లోతు, ఆరాక అదే రాయిలా గట్టిపడి తర్వాత వచ్చేవాడి చక్రాన్ని పట్టేసుకుంటుంది.

ఆలస్యంగా_మొదలు
రెండు వారాలు ఆగి మళ్లీ రాస్తున్నాను. మీరు చెప్పినట్టే వడపోత పెట్టి, గ్రాఫు చూసి, 4 కిలోమీటర్ల ఆకుపచ్చ లూప్ పట్టుకున్నాను. మొత్తం ఎక్కుడు 70 మీటర్లు. గీత ఎక్కడా గోడలా లేదు. పంప్ ట్రాక్ దగ్గర మోటారు ఆపి అరగంట ఆడాను, అదే అన్నిటికన్నా ఎక్కువ అలసట.

తర్వాత లూప్ మూడు చుట్లు. మొదటి చుట్టు వణుకు, రెండోది పరవాలేదు, మూడో చుట్టులో ఒక మలుపు గట్టు మీద నుంచి తిరిగాను. ఎలా తిరిగానో తెలీదు, మళ్లీ చెయ్యమంటే చెయ్యలేను.

కానీ ఒక చోట పడ్డాను, అదీ ఎక్కేటప్పుడు! యూ ఆకారం మలుపులో టర్బోలో ఉన్నాను. మలుపు మధ్యలో ఒక్క తొక్కు తొక్కగానే బండి నన్ను తీసుకెళ్లి పొదలో పెట్టింది.

బ్రేకుబాబాయ్
టర్బో మోడ్‌కి మలుపులంటే కోపం. ఇరుకు మలుపుకి ముందే అన్నిటికన్నా తక్కువ సాయం మోడ్‌కి దించండి, వెనక బ్రేకు కొద్దిగా పట్టుకుని తొక్కితే తోపు అదుపులో ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఒక కాలు పెడల్ మీద బరువుగా ఆనించి నిలబడే అలవాటు కూడా మానుకోండి, మోటారుకి మీరు తొక్కుతున్నారో ఆనుకున్నారో తెలీదు. గేరు మార్చేటప్పుడు అరక్షణం పెడల్ మీద బరువు తగ్గించండి, లేకపోతే మోటారు బలానికి గొలుసు తెగుతుంది.

గేర్లోపడ్డా
నా పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు అందరికీ అర్థమైంది అనుకుంటా. తెగిన గొలుసులు: 2.

మట్టిదారి_మాలతి
మూడో చుట్టులో గట్టు మీద తిరిగారు చూడండి, ఆ మలుపొక్కటే ఇంకో పదిసార్లు చెయ్యండి. నీలం వైపు అప్పుడే చూడకండి. ఆకుపచ్చలో మోటారు సాయం తక్కువ మోడ్‌లోనే ఉంచి, ఎక్కడా కాలు కింద పెట్టకుండా మూడు చుట్లు వచ్చిన రోజున నీలంలో పొట్టిది ఒకటి చూసుకోండి. మొదటిసారి దాన్ని నడిచి చూసినా తప్పులేదు, నేనిప్పటికీ నడిచి చూస్తాను.

ఆలస్యంగా_మొదలు
అలాగేనమ్మా. ఇంకొక్క సందేహం. టైర్లలో గాలి ఎంత ఉండాలి? షాపులో 40 కొట్టి ఇచ్చారు. చిన్న రాయి మీదకెక్కినా బంతిలా ఎగురుతోంది.

బ్రేకుబాబాయ్
40ఆ! ఆకుపచ్చ ట్రెయిల్ కూడా నల్లగా మారిపోతుంది దాంతో. ట్యూబ్‌లెస్సా, ట్యూబు ఉందా? ట్యూబ్‌లెస్ అయితే మీ బరువుకి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, రిమ్ము రాయికి కొట్టుకుంటే ఒకటి రెండు పెంచుకోండి. ట్యూబు ఉంటే అంతకంటే మూడు నాలుగు ఎక్కువ ఉంచండి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చర్.

మూడోచక్రం
అన్నట్టు ఆ పిల్ల మళ్లీ కనిపించిందా?

ఆలస్యంగా_మొదలు
లేదు. ఆకుపచ్చ ట్రెయిల్‌కి ఎందుకొస్తుంది తను?

ట్యూబే ఉందట, ఇప్పుడే చూశాను. గాలి తీస్తున్నాను.